తార్నాకకు కుస్తీ రిఫరీగా వెళ్లొచ్చాను

రైల్లో

హైదరాబాదుకు నేను చాలాసార్లే వెళ్లాను. పెళ్లిళ్లకు వెళ్లాను, కంటి ఆపరేషనుకు వెళ్లాను, కబడ్డీ పిల్లల్ని వెంటేసుకుని పోటీలకు వెళ్లాను. ఈసారి వెళ్లిన పని చెబితే మాత్రం డోన్‌లో ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ అనుమానంగా చూసింది.

"టీవీలో కుర్చీలెత్తి కొట్టుకుంటారే, ఆ కుస్తీకా?"

"ఆ కుస్తీకే."

"మీరు కొట్టుకోవల్లనా?"

"కాదే. రిఫరీగా."

నేను బడిలో వ్యాయామం మాస్టరుని. కబడ్డీ రిఫరీగా మా జిల్లాలో కొద్దో గొప్పో పేరుంది. నా దగ్గర ఆడిన పిల్లల్లో లోకేశ్ అని ఒకడు. కూతకు వెళితే గాలిలా దూరి గాలిలా వచ్చేవాడు. ఇప్పుడు హైదరాబాదులో బీమా ఆఫీసులో ఉద్యోగం. పగలు ఆఫీసు, సాయంత్రం తార్నాకలో కుస్తీ సాధన. ఒకరోజు ఫోన్ చేసి, యూనివర్సిటీ క్యాంపస్‌లో విద్యార్థుల ఉత్సవం జరుగుతోందనీ, అందులో తమ కుస్తీ ప్రదర్శన ఉందనీ, రిఫరీ బండి మీంచి పడి కాలికి కట్టు వేయించుకున్నాడనీ చెప్పాడు.

"మీరు రావల్ల సార్. అంతా డ్రామానే, ఏం భయం లేదు" అన్నాడు.

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక భయం మొదలైంది. అంతా డ్రామా అయితే తెలిసిన రిఫరీ కోసం డోన్ దాకా ఎందుకు ఫోన్ చేసినట్టు? రైల్లో కూర్చుని వాళ్ల కుస్తీల వీడియోలు చూశాను. తాళ్ల పైనుంచి ఒకడు గాల్లోకి దూకి ఇంకొకడి మీద పడ్డాడు. కింద ఉన్నవాడి కాళ్లు ఎగిరి మళ్లీ పడ్డాయి. గద్వాల దాటాక ఫోన్ జేబులో పెట్టేశాను. పక్క సీటు పెద్దమనిషి ఉల్లిపాయ ముక్కలు చల్లిన మరమరాలు పంచిపెడితే తిన్నాను గాని రుచి తెలియలేదు.

కాచిగూడ

స్టేషనుకు లోకేశ్ వచ్చాడు. ముందు గుర్తు పట్టలేదు. మెడ తలంత లావైంది. ఆనందంతో వీపు మీద చరిస్తే పళ్లు బిగబట్టాడు.

"ఏమైందిరా?"

"తాళ్లు సార్. పరిగెత్తుకుంటూ పోయి రింగు తాళ్లకు వీపు ఆనించి వెనక్కి రావల్ల కదా. అవి చూసేకి మెత్తగుంటాయి. లోపల ఇనుప తీగ ఉంటుంది."

స్టేషన్ బయట ఇరానీ చాయ్ తాగించాడు. ఇరవై రూపాయలు. మా డోన్‌లో పది రూపాయలకు గాజు గ్లాసు నిండా పోస్తారు. ఇక్కడ సాసరు ఇస్తారు, కప్పు చిన్నది, చాయ్ మాత్రం చిక్కగా మీగడ కట్టి ఉంటుంది. తాగుతూ చొక్కా వెనక భాగం ఎత్తి చూపించాడు. వీపుకు అడ్డంగా, చంక కింద నుంచి రెండు చారలు, ఒకటి ఊదా రంగులో, ఒకటి పచ్చబడుతూ.

"ఇది కూడా డ్రామానేనా?" అన్నాను.

నవ్వేసి చాయ్ డబ్బులు ఇచ్చాడు.

లోకల్ రైలెక్కి సీతాఫల్‌మండి వైపు వెళ్లాం. దారిలో క్యాంపస్ చెట్లు కనిపిస్తే కిటికీలోంచి చెయ్యి చాపి, "అదో, ఆ మైదానంలోనే సార్" అన్నాడు. మైదానంలో ఎవరో క్రికెట్ ఆడుతున్నారు.

వారాసిగూడలో భోజనం

లోకేశ్ వాళ్లది వారాసిగూడలో రెండో అంతస్తులో చిన్న పోర్షన్. భార్య సంధ్యది జనగామ వైపు రైతు కుటుంబం. క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. నేను వెళ్లేసరికి సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి గిన్నె అడుగుకు వత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి నూనె వేసి కాలుస్తారు. పల్లీలను మేం బుడ్డలంటాం. ఆ మాట వినగానే సంధ్య నవ్వింది. "ఈయన కూడ గట్లనే అంటడు సార్. నేను మార్చినా మారడు."

సర్వపిండి, పచ్చిపులుసు, అన్నం. లోకేశ్ మాత్రం వాటితోపాటు ఉడకబెట్టిన గుడ్లు వరుసగా ఒలుచుకుని, పచ్చసొన తీసి సంధ్య కంచంలో వేస్తూ తెల్లసొన తినేశాడు. జీతంలో పెద్ద భాగం తిండికే పోతుందట.

తిన్నాక లోకేశ్ కిందికి వెళ్లాడు. గిన్నెలు సర్దుతూ సంధ్య అంది: "నేను ఇప్పటిదాక ఆయన కుస్తీ చూడలె సార్. రాత్రి బాత్రూంల నుంచి వచ్చి మెల్లగ పండుకుంటుంటే అర్థమైతది, ఇయ్యాల ఎక్కడ తగిలిందో. ఈసారి క్యాంపస్‌లనే కద, చూస్తా అన్న. ఇంట్ల కూసుంటే ఇంకా భయమైతుంది."

"భయపడాల్సింది ఏముంటుందమ్మా, ముందే అనుకుని ఆడతారు కదా" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

"మీరు లోపలనే ఉంటరు కద. జర చూసుకోండ్రి."

లోకేశ్ పైకొచ్చి అసలు సంగతి చెప్పాడు. ఈసారి గెలుపు తనదే. రెండేళ్లుగా సాధన చేస్తున్నా అందరి చేతుల్లో ఓడిపోయే పాత్రే తనది. సంధ్య వస్తోందని తెలిసి గురువు మొదటిసారి గెలుపు రాసిచ్చాడు.

"గెలుస్తడని ముందే తెలిస్తే అదేం గెలుపు?" అంది సంధ్య, ఆటపట్టిస్తూ.

లోకేశ్ ముఖం చిన్నబోయింది. "దాన్ని నీకెట్ల చెప్పల్లనో నాకు తెలీదు సంధ్యా. రేపు కాక ఎల్లుండి చూస్తావు కదా" అన్నాడు.

తార్నాక షెడ్డు

మర్నాడు పొద్దున్నే తార్నాక వెళ్లాం. మెట్రో స్తంభాల కింద హారన్ల గోల. పక్క సందులోకి తిరిగితే టైర్ల దుకాణం, దాని వెనక రేకుల షెడ్డు. లోపల అడుగు పెట్టగానే ఒక్కటే శబ్దం. ధడేల్ మని, మళ్లీ ధడేల్ మని. మనుషులు వెల్లకిలా పడుతున్న శబ్దం.

గురువు పేరు యాదగిరి. యాభై దాటినవాడు. వయసులో తాలీంలో, అంటే పాతకాలపు కుస్తీ శాలలో, మట్టి కుస్తీ పట్టినవాడు. కుస్తీల రాపిడికి రెండు చెవులూ ముడుచుకుపోయి ఉన్నాయి. నన్ను ఎగాదిగా చూసి, "సారూ, ముందుగాల రింగు ముట్టి చూడుండ్రి" అన్నాడు.

చేత్తో నొక్కి చూశాను. టీవీలో చూసి పరుపులా ఉంటుందనుకున్నాను. ఇనుప చట్రం, దాని మీద చెక్కలు, చెక్కల మీద వేలి మందం ఫోమ్, పైన గుడ్డ. అంతే.

"మా మట్టి నయం" అన్నాను.

"మట్టి అమ్మ లెక్క సారూ. ఇది అత్తగారు" అన్నాడు యాదగిరి, నవ్వకుండానే.

పొద్దున వాళ్లు చేసింది చూస్తే నేను బడిలో పిల్లలతో చేయించేది ఆటవిడుపు అనిపించింది. గుంజీల్లాంటి బైఠక్‌లు తీశారు, లెక్క తప్పి, మళ్లీ మొదటి నుంచి తీశారు. తల ఒక్కటి నేల మీద ఆనించి ఒళ్లంతా విల్లులా ఎత్తి, మెడ మీద ముందుకూ వెనక్కీ ఊగారు. తర్వాత పడటం. కబడ్డీలో పడకుండా ఉండటం నేర్పుతాం. ఇక్కడ ముందు నేర్పేదే పడటం. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి పోకూడదు. వీపు పైభాగమంతా ఒకేసారి తగలాలి. రెండు చేతులూ చాచి నేలను చరచాలి. ఊపిరి వదలాలి. వీటిలో ఒక్కటి మరిచినా దెబ్బ ఒకే చోట దిగుతుంది.

"మీరు ఒక్కసారి పడుండ్రి. పడనోడు రిఫరీ కాలేడు" అన్నాడు యాదగిరి.

పడ్డాను. గడ్డం ఆనించాను గాని నోరు మూయడం మరిచాను. నాలుక కరుచుకుంది. ఆ మధ్యాహ్నం దగ్గర్లోని మెస్‌లో పప్పు, గోంగూర, చికెన్ వేపుడు పెట్టించాడు లోకేశ్. గోంగూర తగిలినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగాయి. పడటం పట్ల గౌరవం మాత్రం వచ్చింది.

లోకేశ్ తలపడబోయేది మహేందర్‌తో. మహేందర్ మనిషి కొండలా ఉంటాడు, మాట పిల్లవాడిలా ఉంటుంది. గోదాములో బస్తాలు మోసి, ఇప్పుడు జిమ్‌లో పనిచేస్తున్నాడు. అతను లోకేశ్‌ని తల మీదికి ఎత్తి వెల్లకిలా విసిరే పట్టు ఉంది. అది ఇద్దరి పని. ఎత్తేవాడు నడుము బిగిస్తే, ఎత్తించుకునేవాడు సరైన క్షణంలో ఎగరాలి. గాల్లో ఒళ్లు కర్రలా బిగపట్టాలి. ఒకడి మెడ పూర్తిగా ఇంకొకడి అరచేతుల్లో ఉంటుంది. ఒకసారి చేసి దించాక ఇద్దరూ ఎగశ్వాసతో తాళ్లు పట్టుకు నిలబడ్డారు. చెమట ధారగా కారుతోంది.

"భయం వేయదా?" అని మహేందర్‌ని అడిగాను.

"ఎత్తించుకునేటోనికన్న ఎత్తేటోనికే ఎక్కువ భయం సార్. పడితే పాపం నాది" అన్నాడు.

రిఫరీ పని

సాయంత్రం యాదగిరి నాకొక్కడికే పాఠం చెప్పాడు. ఎవరు గెలవాలో ముందే తెలిసినప్పుడు రిఫరీ ఎందుకన్న నా అనుమానం అప్పుడు తీరింది.

"జనానికి నువ్వు గెలుపోటములు చెప్పేటోనివి. మాకు మాత్రం పానం చూసేటోనివి. ఎవడన్న గట్టిగ పడితే పక్కన కూసొని, తిడుతున్నట్టు చేసుకుంట చెయ్యి పట్టుకో. వాడు నొక్కితే మంచిగున్నడు. నొక్కకపోతే..." రెండు చేతులూ ఎత్తి తల మీద గుణకారం గుర్తులా అడ్డంగా పెట్టాడు. "గిట్ల పెట్టు. రింగుల మేం చేసేదంత నాటకమే, ఇదొక్కటి కాదు. ఇది చూసినంక ఎవ్వడు ముందుకు పోడు."

ఆ రాత్రి చారల చొక్కా తొడిగి చూసుకుంటే పొట్ట దగ్గర బిగుతు. సంధ్య పక్క కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చింది. పడుకున్నాక చీకట్లో చేతులు ఎత్తి అడ్డంగా పెట్టి చూసుకున్నాను. నా కబడ్డీ రిఫరీ జీవితంలో చేసిన సైగలన్నీ కలిపినా ఇంత బరువుగా అనిపించలేదు. ఆ సైగ చేయాల్సిన అవసరమే రాకూడదని మొక్కుకున్నాను.

క్యాంపస్ మైదానం

మూడో రోజు మధ్యాహ్నమే క్యాంపస్‌కు చేరాం. మా ఊళ్లో కాలేజీ అంటే గేటు, ప్రహరీ. ఇక్కడ ఊరే కాలేజీలో ఉన్నట్టుంది. చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు, వాళ్ల పక్కనే నడకకు వచ్చిన పెద్దవాళ్లు, మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లు. ముప్పై రూపాయలకు కంకి కొనుక్కుని సగం తిని పారేశాను.

రింగు బిగించడం చూస్తూ కూర్చున్నాను. చెక్కల మధ్య సందు ఉందేమోనని అరచేత్తో తడిమి చూశాను. తాళ్లు లాగి చూశాను. యాదగిరి గమనించి, "ఫికర్ చెయ్యకుండ్రి సారూ, నేనుంట" అన్నాడు. ఎండ వాలేసరికి మైదానం నిండిపోయింది. సంధ్య తన స్నేహితురాలితో ముందు వరసలో కూర్చుంది. డప్పులు మోగాయి. మైకు పట్టుకున్న కుర్రవాడు "రాకెట్ లోకేశ్" అని అరిస్తే మైదానం ఊగింది.

మొదట అంతా అనుకున్నట్టే సాగింది. మహేందర్ అరచేత్తో లోకేశ్ ఛాతీ మీద కొట్టాడు. నా పక్కనే తగిలిన ఆ దెబ్బ నిజం. చర్మం మీద వేళ్ల అచ్చులు ఎర్రగా లేచాయి. లోకేశ్ తాళ్ల మధ్య పరిగెత్తాడు, పడ్డాడు, లేచాడు. జనానికి కనబడనిది నాకు వినబడుతోంది. ఇద్దరి ఊపిరీ కొలిమి తిత్తుల్లా ఉంది. "దమ్ము తీస్కో" అని మహేందర్ పెదవులు కదపకుండా అంటున్నాడు. ఆ మాట అంటూనే లోకేశ్ జుట్టు పట్టి లాగుతున్నాడు.

తర్వాత ఎత్తాడు. లోకేశ్ అతని తల మీద బల్లపరుపుగా తేలాడు. జనం ఒక్కసారిగా లేచారు. అప్పుడే మహేందర్ కుడి అరచెయ్యి చెమటకు జారింది. ఇంతే జారింది, అంగుళం. లోకేశ్ గాల్లో సగం తిరిగాడు. వీపు తగలాల్సిన చోట ఎడమ భుజం, మెడ పక్క భాగం ముందు తగిలాయి. శబ్దం వేరుగా వచ్చింది. షెడ్డులో విన్న ధడేల్ కాదు. పొట్టిగా, మెత్తగా ఉంది.

మహేందర్ గమనించలేదు. అనుకున్న ప్రకారం మూలకు వెళ్లి, జనం వైపు తిరిగి, తాళ్లెక్కుతున్నాడు. ఇప్పుడు అతను పైనుంచి దూకాలి, లోకేశ్ పక్కకు దొర్లాలి. ఆ తర్వాత లోకేశ్ లేచి ఆ కొండలాంటి మనిషిని భుజాల మీదికి ఎత్తి గెలవాలి.

నేను మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. కుడి చెయ్యి. నొక్కాడు. నా ప్రాణం లేచొచ్చింది. లేవబోయి ఎడమ చెయ్యి నేలకు ఆనించాడు. ఆ చెయ్యి గుడ్డ పేలికలా మడత పడిపోయింది.

ఎడమ చెయ్యి అందుకున్నాను. "లోకేశ్, నొక్కు."

"బాగుండాను సార్. ఆపొద్దండి."

"గట్టిగా నొక్కు."

"నొక్కినా కదా సార్" అన్నాడు.

నా చేతిలో అతని వేళ్లు కదల్లేదు. నొక్కాననే అనుకుంటున్నాడు.

లేచి నిలబడి రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాను. మైకులో కుర్రవాడు, "అరె, రిఫరీ సారు దండం పెడుతుండు, సారుకు భయమైంది" అన్నాడు. మైదానం నవ్వింది. ముందు వరసలో ఒకడు నన్ను చూసి తన చేతులూ అలాగే పెట్టాడు. పక్కవాడు పెట్టాడు. చూస్తుండగానే నా చుట్టూ వందల చేతులు తలల మీద అడ్డంగా లేచాయి. అందరూ నవ్వుతున్నారు. సంధ్య కూడా నవ్వుతూ చేతులు పెట్టింది. యాదగిరి కోసం వెతికాను. ఆ చేతుల అడవిలో ఎక్కడా కనబడలేదు.

మహేందర్ తాళ్ల పైన నిలబడి ఇటు తిరిగాడు. జనమంతా అదే సైగ చేస్తుంటే నా సైగ అతనికి ఏమని అర్థమవుతుంది? మోకాళ్లు వంచాడు. నేను లోకేశ్‌కు అటూ ఇటూ కాళ్లు వేసి నిలబడ్డాను. దూకితే నా మీద పడాలి. చేతులు దించలేదు.

"మహేందర్, దిగు" అన్నాను. బడిలో గోడెక్కిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాను.

అతను నా ముఖం చూశాడు. మెల్లగా, ఒక్కొక్క తాడూ పట్టుకుని దిగాడు. దగ్గరికొచ్చి మీసం మెలేస్తున్నట్టు చేస్తూ, "నిజమా సార్?" అన్నాడు.

"నిజమే. ముగించు."

లోకేశ్ ఛాతీ మీద అరచెయ్యి బరువు లేకుండా పెట్టాడు. నేను పక్కన పడుకుని నేల చరిచాను. మూడు చరిచేదాకా భుజాలు లేవకపోతే ఓడినట్టు. ఒకటి. రెండు. అప్పుడు లోకేశ్ కుడి భుజం ఎత్తాడు. భుజం లేస్తే లెక్క ఆగిపోవాలి, ఆట కొనసాగాలి. అది నియమం. జనం కేకలు వేశారు. లోకేశ్ నా కళ్లలోకే చూస్తున్నాడు.

మూడు కొట్టాను. గంట మోగించమని చెయ్యి ఊపాను.

నా జీవితంలో తెలిసి తప్పుగా పెట్టిన లెక్క అదొక్కటే. "చీటర్" అని మైదానమంతా అరిచింది. ఖాళీ నీళ్ల సీసా ఒకటి వచ్చి చెవికి తగిలింది. సంధ్య లేచి నిలబడి అందరితోపాటు అరుస్తోంది. యాదగిరి తాళ్ల కింద నుంచి దూరి వచ్చి లోకేశ్ మెడ కింద రెండు చేతులూ పెట్టినప్పుడు ఆమె అరవడం ఆపింది.

ఆసుపత్రి

దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలోనే లోకేశ్ వేళ్లు కదలడం మొదలైంది. స్కానింగ్‌లో ఎముకలు బాగానే ఉన్నాయన్నారు. మెడ దగ్గర నరం సాగిందనీ, ఇలా కొందరికి కొద్దిసేపట్లోనే తగ్గుతుందనీ, మళ్లీ చూపించుకునేదాకా రింగు ఎక్కొద్దనీ డాక్టరు చెప్పింది.

"ఆ ఎడమ చేత్తో అంత బరువు ఎత్తి ఉంటే ఏమయ్యేది?" అని అడిగాను.

"ఏమీ కాకపోవచ్చు. చాలా కావచ్చు కూడా. నేను చెప్పలేనండి" అంది.

ఆ జవాబుతో నాకు నిమ్మళం రాలేదు. మహేందర్ వరండాలో నేల మీద కూర్చున్నాడు. ఎవరో ఇడ్లీ పొట్లం తెచ్చిస్తే పక్కన పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. లోకేశ్ మంచం మీద వేళ్లు ముడుస్తూ తెరుస్తూ అన్నాడు:

"తగ్గిపాయ కదా సార్. ఇంకొంచెం ఆగింటే సరిపోయేది."

నేను అతని దుప్పటి సర్దాను.

"భుజం లేపినా నేను. మీరు చూసినారు. చూసి కూడా మూడు కొట్టినారు."

"చూసినా" అన్నాను.

"రెండేండ్లు సార్" అని గోడ వైపు తిరిగాడు.

సంధ్య మంచం పట్టీ మీద చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరిలో ఎవరి వైపు మాట్లాడాలో తెలియనట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ రాత్రే ఇంటికి పంపేశారు. నేను ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. కదిలిన వేళ్లు చూశాక నా కళ్ల మీద నాకే అనుమానం వచ్చింది. నిజంగా నొక్కలేదా? నొక్కితే నాకే తెలియలేదా?

తిరుగు రైలు

మర్నాడు వద్దంటున్నా లోకేశ్ బండి మీద కాచిగూడ దాకా దింపాడు. స్టేషన్‌లో నా సంచీ అందుకున్నాడు. ఎడమ చేత్తోనే పట్టుకుని, చూడండి అన్నట్టు ముందు నడిచాడు. డోన్ నుంచి వాళ్లకు తెచ్చిన జొన్నపిండి డబ్బా ఇచ్చేశాక ఖాళీ అయిన సంచీ అది, రెండు చొక్కాలు తప్ప బరువేమీ లేదు. మెట్ల వంతెన మలుపు దగ్గర నేను వెనకబడ్డాననుకుని దాన్ని కుడి చేతికి మార్చుకున్నాడు. తిరిగి చూస్తే నేను అక్కడే ఉన్నాను.

ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చున్నాక, నా వైపు చూడకుండా అన్నాడు: "రెండు వేళ్లు ఇంకా మొద్దుగానే ఉండాయి సార్. నిన్న డాక్టరమ్మకు బాగుందని చెప్పినా. పొద్దున బ్రేకు పట్టుకుంటే పట్టు దొరకలేదు."

నిన్నటి నుంచి ఉన్న నా అనుమానం తీరింది. తీరినందుకు సంతోషం మాత్రం కలగలేదు.

"సంధ్యకు తెలుసా?"

"తెలీదు."

"నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"

రైలు వస్తున్నట్టు మైకులో చెప్పారు. చాలాసేపు అరచెయ్యి చూసుకున్నాడు. "మీరు ఎక్కండి సార్. నేను చెప్తా."

బండి కదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. ఫోన్ చేతిలో ఉంది గాని చెవి దగ్గర లేదు. షాద్‌నగర్ దాకా నా ఫోన్ ఒళ్లోనే పెట్టుకున్నాను. అమ్మకానికొచ్చిన జామకాయలు కొన్నాను, ఉప్పూ కారం పొట్లం విప్పి మళ్లీ మడిచాను. మహబూబ్‌నగర్ దాటుతుండగా మోగింది. సంధ్య.

"సార్, ఆయన చెప్పిండు. బండి తీయనీకి భయమైతుందంట. స్టేషన్‌లనే కూసున్నడంట. ఆడనే ఉండు, నేనొస్తున్న అని చెప్పిన. ఇటునుంచి ఇటే డాక్టర్ దగ్గరికి పోతం."

"మంచిదమ్మా."

ఆటోవాడికి దారి చెప్పడం వినబడింది. తర్వాత అంది: "నిన్న మీరు మూడు కొట్టినప్పుడు నేను కూడ మిమ్ముల చీటర్ అని తిట్టిన సార్."

"తిట్టాల్సిందేనమ్మా. ఆ లెక్క తప్పే" అన్నాను.

ఇది రాస్తున్న నాటికి లోకేశ్ ఇంకా రింగు ఎక్కలేదు. చిటికెన వేలికి స్పర్శ వచ్చింది, పక్క వేలికి వస్తూ పోతూ ఉంది. సాయంత్రాలు తార్నాక వెళ్లి కూర్చుంటాడట. నాతో ఫోన్‌లో కబడ్డీ గురించి మాట్లాడతాడు, వానల గురించి మాట్లాడతాడు, ఆ మ్యాచ్ ఊసు ఎత్తడు. యాదగిరి మాత్రం మొన్న ఒక మాట చెప్పాడు. మహేందర్ రోజూ షెడ్డుకు వస్తున్నాడు, బైఠక్‌లు తీస్తున్నాడు, పడుతున్నాడు. ఎంత చెప్పినా, ఎవరినీ తల మీదికి ఎత్తడం లేదట.